చేతికి అందవలసిన ప్రయోగం

(మదనపల్లెలో ముస్లిం తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెద్దలారా, తల్లులారా, సోదర సోదరీమణులారా!

ఈనాటి సమావేశం ఒక నిర్ణయం కోసం ఏర్పాటైనది. మన పిల్లలు చదువుకుంటున్న బడిలో విజ్ఞానశాస్త్ర బోధనకై కొంత సొమ్ము సమకూరింది. ఇది జకాత్ సొమ్ము కాదు. మనవారు ఇష్టపూర్వకంగా ఇచ్చిన సదకా, చందాల సొమ్ము. అయినా ప్రతి రూపాయీ అమానత్. రేపు మనుషులకూ, ఆపైన అల్లాహ్‌కూ లెక్క చెప్పవలసిన సొమ్ము. దాతలలో కొందరు దీనితో పెద్ద తెర, కంప్యూటర్లు, సిమ్యులేషన్ పాఠాలు కొందామంటున్నారు. మరికొందరు చిన్నదైనా సరే, పిల్లలు చేతితో పనిచేసే ప్రయోగశాల కావాలంటున్నారు. ఇరుపక్షాల వారూ పిల్లల మేలునే కోరుతున్నారు. అందువల్ల ఈ విషయాన్ని వాదంగా గాక ఆలోచనగా మీ ముందుంచాలని మా కోరిక.

మేము మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాలలో సెలవు దినాలలో పిల్లల చేత ప్రయోగాలు చేయిస్తూ వస్తున్న కొద్దిమంది ఉపాధ్యాయులం. ఒక రేకు పెట్టెలో సెల్లులు, తీగలు, చిన్న బల్బులు, అద్దాలు, అయస్కాంతాలు, దారం, తూనికరాళ్ళు వేసుకుని వెళతాము. తెరకు మేము శత్రువులం కాము. మా దగ్గర ఒక ల్యాప్‌టాప్ కూడా ఉన్నది. ఏ పనికి ఏది పనికివస్తుందో మా కళ్ళతో చూసినంత మేరకు చెబుతాము.

ముందుగా కుప్పంలో జరిగిన ఒక చిన్న సంఘటన చెప్పవలసి ఉన్నది. తొమ్మిదో తరగతి చదువుతున్న ఒక బాలిక విద్యుత్ వలయాల పాఠాన్ని తెర మీద ఎంతో చక్కగా చేసి చూపింది. శ్రేణి సంధానం, సమాంతర సంధానం, ఏ బల్బు ఎక్కువ వెలుగుతుంది, ఏది ఆరిపోతుంది అన్న ప్రశ్నలన్నిటికీ తడుముకోకుండా సమాధానం చెప్పింది. తరువాత మేము ఆమె చేతికి ఒక సెల్లు, రెండు తీగలు, ఒక టార్చిలైటు బల్బు ఇచ్చి వెలిగించమన్నాము. రెండు తీగలనూ తీసుకువెళ్ళి బల్బు అడుగున ఉన్న ఒకే బొడిపెకు ఆనించింది. బల్బు వెలగలేదు. కాసేపటికి తీగ వేడెక్కి వేళ్ళకు చురుక్కుమన్నది. భయపడి వదిలేసింది.

“ఏమమ్మా, తెర మీద బాగా చేశావు కదా?” అని అడిగాము.

“తెర మీద తీగను దగ్గరికి తీసుకుపోతే చాలు సార్, అదే పోయి అతుక్కుంటుంది. ఎక్కడ పెట్టాలో నేనెప్పుడూ చూసుకోలేదు” అన్నది.

ఆ బాలిక తల్లి కుట్టుమిషను మీద బట్టలు కుట్టి సంసారం నడుపుతున్నది. ఆమె పక్కనే కూర్చుని చూస్తూ, “బేటీ, మన మిషను బల్బుకు ఒక కొస అడుగున, ఒక కొస పక్కన తగలాల కదా” అన్నది. బడిలో భౌతికశాస్త్రం చదవని తల్లి చెప్పిన ఆ ఒక్క మాటతో కుమార్తె రెండో తీగను బల్బు పక్కనున్న లోహానికి ఆనించింది. బల్బు వెలిగింది. తీగ ఎందుకు వేడెక్కిందో ఆ తరువాత ఆ బాలికే మిగతా పిల్లలకు వివరించింది. షార్ట్ సర్క్యూట్ అన్న మాట ఆమె అంతకు ముందే చదివి ఉన్నది. అదేమిటో ఆ రోజున వేళ్ళకు తెలిసింది.

ఈ సంఘటన విని, “చూశారా, కంప్యూటరు వల్ల లాభం లేదు” అని ఎవరైనా తీర్మానిస్తే అది న్యాయం కాదు. తెర మీద నేర్చుకోకపోయి ఉంటే ఆమెకు శ్రేణి సంధానమూ, సమాంతర సంధానమూ అంత వేగంగా బోధపడేవి కావు. ఎదుటిపక్షంలోని బలమైన వాదాన్ని దాచిపెట్టి గెలవడం మన పద్ధతి కాకూడదు. కనుక దానినే ముందు చెబుతాము.

అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో నోబెల్ బహుమతి గ్రహీత కార్ల్ వీమన్ 2002లో ‘ఫెట్’ అనే కార్యక్రమాన్ని ప్రారంభించాడు. విజ్ఞానశాస్త్ర సిమ్యులేషన్లను తయారుచేసి ప్రపంచమంతటికీ ఉచితంగా ఇవ్వడమే దాని పని. ఆ బృందం 2005లో ఒక అధ్యయనం ప్రచురించింది. భౌతికశాస్త్ర విద్యార్థులలో కొందరు నిజమైన తీగలు, బల్బులతో, కొందరు కంప్యూటరు మీద వలయాలు నేర్చుకున్నారు. చివరికి అందరికీ నిజమైన పరికరాలిచ్చి వలయం కట్టమన్నారు. కంప్యూటరు మీద నేర్చుకున్నవారే మెరుగ్గా కట్టారు, మెరుగ్గా వివరించారు. కారణం ఊహించగలిగినదే. తీగలో కంటికి కనిపించని విద్యుత్ ప్రవాహం తెర మీద కదులుతూ కనిపిస్తుంది. వదులైన కనెక్షన్లతో, అయిపోయిన సెల్లులతో సమయం వృథా కాదు.

2007లో అమెరికాలోనే కార్నెగీ మెలన్ పరిశోధకుడు డేవిడ్ క్లార్, సహచరులు కలిసి ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల చేత ఎలుకల బోను స్ప్రింగుతో నడిచే బొమ్మ కార్లను తయారు చేయించారు. కొందరు చేతితో, కొందరు తెర మీద చేశారు. నేర్చుకున్న దానిలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. 2013లో ‘సైన్స్’ పత్రికలో టోన్ డి జాంగ్, మార్షియా లిన్, జకరియా అనే ముగ్గురు విద్వాంసులు ఇటువంటి పరిశోధనలను సమీక్షించి, రెండింటికీ వేర్వేరు బలాలున్నాయనీ, రెండింటినీ కలిపి వాడినప్పుడు ఫలితం ఇంకా బాగుండగలదనీ చెప్పారు.

మరి ఇంకేమి? కంప్యూటర్లే కొందాము అని మీరనవచ్చు. అక్కడే ఒక క్షణం ఆగాలని మా మనవి. కొలరాడో పరీక్ష కూడా చివరికి విద్యార్థులను నిజమైన తీగల ముందే నిలబెట్టింది. తెర మీది చదువు పనికివచ్చిందో లేదో తేల్చినది ఆ తీగలే. ఆ పిల్లలు తిరిగి అసలు ప్రయోగశాలకు వెళ్ళగలిగినవారు. మన బస్తీ పిల్లలకు తెర తరువాత ప్రయోగశాల ఉన్నదా? ఉంటే తెర మేలు. లేకపోతే తెరే ప్రయోగశాల అయిపోతుంది. అప్పుడు పిల్లవాడు జీవితంలో ఒక్కసారైనా పరీక్ష నాళికను పట్టుకోకుండానే పదో తరగతి దాటిపోతాడు. ఇంటర్మీడియట్‌లో సైన్సు గ్రూపు తీసుకుంటే ప్రయోగ పరీక్ష ఎదురవుతుంది. అక్కడ బ్యూరెట్టు తెర మీద ఉండదు, చేతిలో ఉంటుంది. చేయి వణుకుతుంది.

తెర చెప్పనిది ఏమిటో ఒక ఉదాహరణతో చూద్దాము. దారానికి రాయి కట్టి లోలకం చేయండి. పొడవు ఒక మీటరు. ఇరవై డోలనాలకు సుమారు నలభై సెకన్లు పట్టాలి. పుంగనూరులో ఒక మిద్దె కింద పిల్లలు కొలిస్తే ఒకరికి 39, ఒకరికి 41, ఇంకొకరికి 43 వచ్చాయి. “ఎవరిది తప్పు సార్?” అని అడిగారు. తప్పు వెతుకుతూ పోతే ఒకరు గడియారం ఆలస్యంగా ఆపారు, ఒకరు దారాన్ని ముడి దగ్గరి నుంచి కొలిచారు గాని రాయి మధ్య వరకు కొలవలేదు, ఇంకొకరు లెక్కపెట్టడంలో ఒకటి ఎక్కువ వేశారు. గంటసేపు ఆ పిల్లలు చేసిన పనే విజ్ఞానశాస్త్రం. సిమ్యులేషన్లో మాటిమాటికీ ఒకే జవాబు వస్తుంది. అక్కడ సందేహించవలసిన అవసరం రాదు. అయితే అదే లోలకాన్ని చంద్రుని మీదికి తీసుకుపోతే ఒక డోలనానికి దాదాపు ఐదు సెకన్లు పడుతుందని మేము చూపవలసి వచ్చినప్పుడు ల్యాప్‌టాప్ తెరిచాము. చంద్రుణ్ణి మా రేకు పెట్టెలో పట్టించలేము కదా!

ఇంకొకటి. మన మదనపల్లె టమోటా మార్కెట్టు దేశమంతటికీ తెలిసినది. ధర పడిపోయిన రోజున ఒక బుట్టెడు కాయలు తెచ్చి, ఒక్కొక్కదానిలో ఒక రాగి తీగ, ఒక జింకు పూత మేకు గుచ్చాము. ఒక్కొక్క కాయకు ఒక వోల్టుకు కొంచెం తక్కువ వచ్చింది. నాలుగు కాయలు వరుసగా కలిపితే మూడు వోల్టులు దాటింది. మూడు వోల్టుల టార్చి బల్బును కలిపితే వెలగలేదు! పిల్లలు ఆశ్చర్యపోయారు. లెక్క ప్రకారం వెలగాలి కదా? తరువాత ఒక చిన్న ఎరుపు ఎల్‌ఈడీ కలిపితే మసకగా వెలిగింది. వోల్టులున్నా కరెంటు చాలనప్పుడు ఏమవుతుందో, సెల్లు లోపల కూడా నిరోధం ఉంటుందో లేదో అక్కడి నుంచి మాట్లాడుకున్నాము. సిమ్యులేషన్లోని బ్యాటరీకి ఆ లోపలి నిరోధాన్ని కూడా చేర్చవచ్చు. కాని తయారుచేసినవాడు ఏమి చేర్చాడో అంతవరకే అది చూపుతుంది. నిజమైన వస్తువు ఎవరూ చేర్చనిదాన్ని కూడా చూపుతుంది.

ఇది చిన్న విషయం కాదు. కుప్పం సరిహద్దుకు ఆవలి కోలారు బంగారు గనులు మనందరికీ తెలుసు. మన తాతలలో కొందరు ఆ గనుల్లో చెమటోడ్చినవారే. ఆ గనిలో రెండు కిలోమీటర్లకు పైగా లోతున 1965లో టాటా పరిశోధన సంస్థ, జపానులోని ఒసాకా, బ్రిటనులోని డర్హం శాస్త్రవేత్తలతో కలిసి, వాతావరణంలో పుట్టి భూమిని దూసుకువచ్చే న్యూట్రినోల జాడను పట్టుకున్నది. లోకంలో ఆ కణాలను అలా గుర్తించిన తొలి ప్రయోగాలలో అది ఒకటి. నేడు న్యూట్రినోల గురించి తెర మీద ఏ బొమ్మ చూసినా, దాని వెనుక అలా చీకటిలోకి దిగి కొలిచినవారి చేతులున్నాయి. సిమ్యులేషన్ కొలతలనుంచి పుడుతుంది. కొలవడం నేర్వని సమాజం ఎల్లకాలం ఇతరుల కొలతలను చూస్తూ ఉండిపోతుంది.

మన సంప్రదాయం మనకు ఇదే నేర్పుతున్నది. సృష్టిని చూడమని, ఆలోచించమని దివ్య ఖురాన్ మాటిమాటికీ పిలుపునిస్తున్నది. ఆ పిలుపును మనస్సుకు పట్టించుకున్నవారిలో బస్రాలో సుమారు 965లో జన్మించి కైరోలో స్థిరపడిన ఇబ్నుల్ హైసం ఒకడు. ‘కితాబుల్ మనాజిర్’ అన్న గ్రంథంలో ఆయన కాంతి గురించి రాసినది ఊహ కాదు. చీకటి గదికి చిన్న రంధ్రం చేసి, దాని ఎదుట వేర్వేరు చోట్ల అనేక దీపాలు ఉంచాడు. గది లోపలి గోడ మీద దీపానికొక వెలుగు మచ్చ పడింది. ఒక దీపాన్ని మూసినప్పుడు దానికి సంబంధించిన మచ్చ మాత్రమే మాయమైంది. రంధ్రంలో కిరణాలు కలిసి కలగాపులగం కావనీ, వేటి దారిన అవి సరళరేఖలో పోతాయనీ ఆయన అలా నిరూపించాడు. ఆ గ్రంథం లాటిన్‌లోకి వెళ్ళి 1572లో యూరపులో అచ్చయింది.

పుంగనూరులో ఒక ఇంటిలో మేము ఆ ప్రయోగాన్నే మళ్ళీ చేశాము. తలుపు సందులన్నీ దుప్పట్లతో మూసి, ఒక అట్టకు బెజ్జం చేసి, బయట మూడు మొబైల్ ఫోన్ల లైట్లు పెట్టాము. గోడ మీద మూడు మచ్చలు. ఒక పిల్లవాడు ఒక ఫోనుకు చేయి అడ్డం పెట్టగానే ఒక మచ్చ పోయింది. వెయ్యి సంవత్సరాల క్రితపు ముస్లిం శాస్త్రవేత్త చేసిన పనిని తాను కూడా చేశానని తెలిసినప్పుడు ఆ పిల్లవాని ముఖం చూడవలసినది. దానికి ఖర్చు ఒక అట్టముక్క. మన పూర్వులు గొప్పవారని సభలలో చెప్పుకోవడం సులభం. వారు చేసిన పని మన పిల్లల చేత చేయించడం మన బాధ్యత.

అబ్దుల్ కలాం గారి గురించి వేరే చెప్పనవసరం లేదు. రామేశ్వరంలో ఆయన చిన్ననాటి ఉపాధ్యాయుడు శివసుబ్రహ్మణ్య అయ్యర్, పక్షి ఎలా ఎగురుతుందో నల్లబల్ల మీద బొమ్మగీసి చెప్పి, అంతటితో ఆగక పిల్లలను సముద్రతీరానికి తీసుకువెళ్ళి ఎగిరే పక్షులను చూపాడని కలాం గారే అనేకమార్లు స్మరించుకున్నారు. బొమ్మ కూడా కావలసి వచ్చింది, పక్షి కూడా కావలసి వచ్చింది. పిల్లలకు సైన్సు, గణితం పట్ల ఆసక్తి కలిగించే రాష్ట్రీయ ఆవిష్కార్ అభియాన్‌ను ఆయన 2015 జూలై 9న ప్రారంభించారు. అదే నెల 27న కన్నుమూశారు.

ఇక మన చుట్టుపక్కల ఏమి జరుగుతున్నదో చూద్దాము. ఈ పడమటి మండలాలు చదువు విషయంలో బీడునేల కాదు. మదనపల్లెలో 1915లో అనీబిసెంట్ పేరిట వెలసిన కళాశాలలోనే 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి అనువదించాడు. ఊరికి దగ్గరలోనే జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన రిషివ్యాలీ పాఠశాల ఉన్నది. అక్కడి గ్రామీణ విద్యా కేంద్రం, ఒకే గదిలో అనేక తరగతులు చదివే పల్లె బడుల కోసం చిన్న చిన్న కార్డులతో, చేతిపనులతో, ఎవరి వేగాన వారు మెట్టుమెట్టుగా ఎక్కే పద్ధతిని రూపొందించింది. ఆ పద్ధతి తమిళనాడు ప్రభుత్వ బడుల వరకూ పోయింది.

కుప్పం దగ్గర గుడివంకలో అగస్త్య ఫౌండేషన్ ప్రాంగణం 172 ఎకరాలలో ఉన్నది. 1999లో రాంజీ రాఘవన్ తదితరులు స్థాపించిన ఆ సంస్థ, వ్యానులలోనూ మోటారు సైకిళ్ళ మీదా ప్రయోగ పరికరాలను పల్లెలకు తీసుకుపోతున్నది. అక్కడ మేము గమనించినది ఒకటే. పరికరాలు ఖరీదైనవి కావు. నేర్చుకున్న పిల్లలే తోటిపిల్లలకు నేర్పుతారు. మనం నేర్చుకోవలసినది ఆ పద్ధతి.

తెరల విషయంలోనూ మన ప్రాంతానికి అనుభవం ఉన్నది. 2002లో హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థ కుప్పంలో ‘ఐ కమ్యూనిటీ’ పేరుతో సమాచార కేంద్రాలను ఏర్పాటు చేసింది. అది మూడు సంవత్సరాల ప్రాజెక్టు. గడువు ముగిశాక సంస్థ తప్పుకొన్నది. ఇందులో ఎవరినీ నిందించవలసిన పని లేదు. పాఠం మాత్రం స్పష్టం. యంత్రాన్ని తెచ్చినవారు వెళ్ళిపోయాక దాన్ని నడిపేది ఎవరు, చెడితే బాగుచేయించేది ఎవరు అన్న ప్రశ్నకు కొనకముందే జవాబు ఉండాలి. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ప్రభుత్వ బడులలోని ఎనిమిదో తరగతి పిల్లలకు పాఠాలు నింపిన ట్యాబులు పంచింది. తరువాత అనేక బడుల గోడలకు డిజిటల్ తెరలు వచ్చాయి. అంటే తెరలు మన పిల్లల దాకా ఏదో ఒక దారిన వస్తూనే ఉన్నాయి. రానిది ఏది? పరీక్ష నాళిక, లిట్మస్ కాగితం, అయస్కాంతం, వాటి పక్కన నిలబడే ఒక మనిషి.

మేము ఈ మూడు పట్టణాలలో చూసిన బడులలో ఒకచోట ప్రయోగ పరికరాల బీరువాకు తాళం ఉన్నది, తాళంచెవి ఎవరి దగ్గర ఉన్నదో ఎవరికీ తెలియదు. బీరువా తెరిపించి చూస్తే లోపల కొన్ని పరికరాలు కొన్ననాటి కాగితంలోనే చుట్టి ఉన్నాయి. పగిలితే జీతంలో కోస్తారన్న భయంతో ఉపాధ్యాయులు ముట్టుకోలేదట. ఆ భయాన్ని అర్థం చేసుకోవాలి. పగలడం కూడా చదువులో భాగమేనని తల్లిదండ్రులమైన మనం లిఖితపూర్వకంగా చెప్పకపోతే, మనం కట్టే ప్రయోగశాల కూడా అలాగే తాళం వేసిన బీరువా అవుతుంది.

ఆడపిల్లల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. అబ్బాయిలు మెకానిక్ షెడ్డులోనో, కరెంటు పనిలోనో ఎక్కడో ఒకచోట పనిముట్లు ముట్టుకుంటారు. మన ఆడపిల్లలకు అటువంటి అవకాశం తక్కువ. వారికి బడిలోని ప్రయోగశాలే మొదటి పనిముట్టు, అనేకమందికి అదే చివరిది. అక్కడ కూడా అబ్బాయిలు ప్రయోగం చేస్తుంటే అమ్మాయిలు రికార్డు రాసే అలవాటు ఉన్నది. అందువల్ల ప్రతి జట్టులో పరికరం మొదట ఆడపిల్ల చేతిలోకి వెళ్ళాలని మేమొక నియమం పెట్టుకున్నాము.

భాష మాటేమిటి? మన పిల్లలు ఇంట్లో దక్కనీ మాట్లాడతారు, బడిలో ఉర్దూ లేక తెలుగు చదువుతారు, తెర మీద ఎక్కువగా ఇంగ్లీషు వింటారు. పాఠం మూడు భాషల మధ్య నలిగిపోతుంది. వస్తువు చేతిలో ఉన్నప్పుడు ఆ చిక్కు సగం తీరుతుంది. అయస్కాంతం అన్నా, మక్నాతీస్ అన్నా, మాగ్నెట్ అన్నా మేకును లాగే ఆ ఇనుపముక్క ఒకటే. ఆమ్లం అన్నా, తేజాబ్ అన్నా, యాసిడ్ అన్నా నీలి లిట్మస్ ఎర్రబడుతుంది. 1918లో హైదరాబాదులో ఉర్దూ మాధ్యమంగా ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలసినప్పుడు, దారుల్ తర్జుమా శాస్త్ర గ్రంథాలను అనువదించి ఇచ్చింది. తెలిసిన భాషలో శాస్త్రం చెప్పవచ్చునని వారు నిరూపించారు. ఫెట్ సిమ్యులేషన్లు కూడా అనేకం తెలుగులోనూ, ఉర్దూలోనూ దొరుకుతున్నాయి. వాటిని వాడుకోని తప్పు మనది.

ఇప్పుడు హక్కుల విషయానికి వస్తాము. 2006లో సచార్ కమిటీ ఏమి చెప్పింది? దేశంలోని ప్రధాన కళాశాలల్లో డిగ్రీ చదివే ప్రతి 25 మందిలో ఒక్కరు, పీజీ చదివే ప్రతి 50 మందిలో ఒక్కరు మాత్రమే ముస్లిం అని చెప్పింది. ఆ దూరాన్ని తగ్గించే మెట్లు కూడా ఒక్కొక్కటిగా తొలగిపోతున్నాయి. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు మైనారిటీ పిల్లలకిచ్చే ప్రీమెట్రిక్ ఉపకారవేతనాన్నీ, పరిశోధక విద్యార్థులకిచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌నూ కేంద్ర ప్రభుత్వం 2022-23 నుంచి నిలిపివేసింది. ఇటువంటి కాలంలో పదో తరగతి వరకైనా మన పిల్లలకు అందే చదువు నాణ్యంగా ఉండాలి. సంపన్నుల బడిలో ప్రయోగశాలా ఉంటుంది, తెరా ఉంటుంది. పేదల బడికి వచ్చేసరికి “తెర ఉన్నది కదా, ప్రయోగశాల ఎందుకు?” అన్న మాట మొదలవుతుంది. ఆ మాటను మనం ఒప్పుకోకూడదు. శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం ప్రతి పౌరుని ప్రాథమిక విధి అని రాజ్యాంగం 51-ఏ అధికరణం చెబుతున్నది. విధి అందరిదీ అయినప్పుడు దానికి కావలసిన సాధనాలు కూడా అందరివీ కావాలి. మైనారిటీల యాజమాన్యంలో ఉన్నదన్న కారణంగా ఒక విద్యాసంస్థకు సహాయం ఇవ్వడంలో వివక్ష చూపరాదని 30వ అధికరణం రెండో ఖండం స్పష్టం చేస్తున్నది.

కనుక మా అభిప్రాయం ఇది. సిమ్యులేషన్లు మేలైనవి. వాటిలో ఎంతో మంచివి ఉచితంగా దొరుకుతున్నాయి. ఫెట్ ఉచితం. అమృత విశ్వవిద్యాపీఠం, సీ-డాక్ కలిసి తయారుచేసిన ఓల్యాబ్స్ ఉంది. ఒకసారి దించుకుంటే ఇంటర్నెట్ లేకున్నా ఫెట్ పాఠాలు నడుస్తాయి. ఉచితంగా వచ్చేదానికి మన అమానత్ సొమ్మంతా పోయడం దుబారా. ఒక కంప్యూటరు, ఒక ప్రొజెక్టరు చాలు. మిగిలిన సొమ్మును ఉచితంగా రానివాటికి, అంటే పరికరాలకు, రసాయనాలకు, అరిగిపోయిన సెల్లులకు బదులు కొత్త సెల్లులకు, వారానికి రెండు రోజులు వచ్చి ప్రయోగాలు చేయించే ఒక మనిషికి కేటాయించాలి.

బోధనలో వరుస కూడా చెబుతాము. మొదట పిల్లలు వస్తువును చేతితో పట్టుకోవాలి. ఏమవుతుందో ముందుగా ఊహించి చెప్పాలి. ప్రయోగం చేయాలి. ఊహ తప్పినచోట తెర తెరిచి కంటికి కనిపించనిదాన్ని చూడాలి. తిరిగి వస్తువు దగ్గరికి వచ్చి సరిచూసుకోవాలి. పరమాణువులు, గ్రహాలు, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం వంటి ప్రమాదకరమైన పదార్థాలు తెర మీదనే ఉండనివ్వండి. కాంతి, అయస్కాంతం, వలయాలు, లోలకం, ఆమ్లక్షార సూచికలు, విత్తనాల మొలక వంటివి మాత్రం చేతిలో ఉండవలసిందే. పసుపు పూసిన కాగితం మీద సబ్బునీళ్ళు పడితే ఎర్రబడుతుందని మన వంటింటి కొంగులన్నిటికీ తెలుసు. అది కూడా సూచికే.

ఈ సభ ముందు కొన్ని పనులు ఉంచుతున్నాము.

ఒకటి: ప్రభుత్వ బడులలో చదివే మన పిల్లల తల్లిదండ్రులు యాజమాన్య కమిటీలలోకి వెళ్ళాలి. విద్యాహక్కు చట్టం 21వ సెక్షను ప్రకారం అందులో నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది స్త్రీలు ఉండాలి. అక్కడ కూర్చుని బీరువా తాళంచెవి ఎవరి దగ్గర ఉన్నదో అడగాలి.

రెండు: మన బడులకు ప్రయోగశాలల నిమిత్తం వచ్చిన గ్రాంటులు ఎంత, ఏమి కొన్నారు అని 2005 సమాచార హక్కు చట్టం కింద అడగాలి. ఇది పోట్లాట కాదు, లెక్క.

మూడు: ఇన్‌స్పైర్ మానక్ పథకంలో ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లల ఆలోచనలను బడి ద్వారా పంపవచ్చు. ఎంపికైనవారికి నమూనా తయారీకి 10,000 రూపాయలు అందుతాయి. మన బడుల నుంచి ఏటా పేర్లు వెళ్ళేలా చూడాలి.

నాలుగు: మదర్సాలలో చదివే పిల్లలను మరువరాదు. అక్కడి ఉలమాల అనుమతితో వారానికి ఒక సాయంత్రం పెట్టె తీసుకువెళ్ళడానికి మేము సిద్ధంగా ఉన్నాము. ఇబ్నుల్ హైసం ప్రయోగంతో మొదలుపెడతాము.

ఐదు: చేతిపని తెలిసిన తల్లిదండ్రులు, అంటే కరెంటు పనివారు, దర్జీలు, మెకానిక్కులు, మగ్గం నేసేవారు నెలకొకసారి బడికి రావాలి. కుప్పంలో బల్బు వెలిగించినది ఒక దర్జీ తల్లి చెప్పిన మాట అని మరువకండి. మన దగ్గర జ్ఞానం లేకపోలేదు. బడికీ దానికీ మధ్య తలుపు మూసి ఉన్నది.

పెద్దలారా! ఈ సొమ్ము ఎలా ఖర్చు చేయాలన్నది చివరకు మీ నిర్ణయం. ఏ నిర్ణయం తీసుకున్నా, సంవత్సరం తరువాత ఇదే చోట సమావేశమై, మన పిల్లల చేత మీ ఎదుట ఐదు ప్రయోగాలు చేయిద్దాము. మీరు ప్రశ్నలడగండి. పిల్లలు సమాధానం చెప్పగలిగితే మన అమానత్ సరైన చోటికి చేరినట్లు. చెప్పలేకపోతే ఆ తప్పు పిల్లలది కాదు, మనది. లెక్కను మనమే మళ్ళీ మొదటినుంచి చూసుకోవలసి ఉంటుంది.

అల్లాహ్ మన పిల్లలకు ప్రయోజనకరమైన విద్యను ప్రసాదించు గాక! ఆమీన్.

వస్సలాము అలైకుం.